బస్టాండులో, పార్కులో అందరూ కలిసి నాటకం వేయాలంటే: స్క్రిప్టు కంటే ముందు చూసుకోవాల్సినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ బృందంలో పద్నాలుగు మంది. ఇద్దరికి వినపడదు, ఒకావిడ వీల్‌చైర్ వాడతారు, ఒకాయనకు చూపు లేదు, ఒక కుర్రాడికి డౌన్ సిండ్రోమ్, నలుగురు అరవై దాటినవాళ్లు. మిగతావాళ్లు ఉద్యోగాలు, చదువులు చూసుకుని సాయంత్రాలు వచ్చేవాళ్లు. హాలు వద్దు, బస్టాండు, పార్కు, లైబ్రరీ మెట్లు లాంటి చోట జనం మధ్యే ఆడాలని మీ కోరిక. దీనికి పనికొచ్చే స్క్రిప్టు ఏదైనా ఉందా, ఎవరికి ఏ పాత్ర ఇస్తే ఇబ్బంది లేకుండా నడుస్తుంది అని అడిగారు.

సూటిగా చెబుతాను. స్క్రిప్టు వెతకడం ఆపేయండి. ముందు చోటు, తర్వాత మనుషులు, ఆఖరున కథ. పాత్రలు పంచే పనే పెట్టుకోవద్దు. దొరికే నాటకాల్లో చాలావరకు నాలుగు గోడల మధ్య, నడిచి, చూసి, విని, మాట్లాడే నటుల కోసం రాసినవే. వాటిని తెచ్చి మీవాళ్లకు తొడగబోతే ఎక్కడో ఒకచోట బిగుతవుతుంది. అప్పుడు బిగుతైన మనిషిని పక్కకు జరుపుతారు, నాటకాన్ని మార్చరు.

నేను ఈ పనిలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. మొదటి నాలుగైదేళ్లు మీరు అడిగిన పద్ధతిలోనే చేశాను. ఒక నాటకంలో వీల్‌చైర్ వాడే నటికి కథ చెప్పే పాత్ర ఇచ్చాం. ఓ పక్కన ఉండి మొదలు, మధ్య, ముగింపు చెప్పాలి. బాగా చెప్పింది, చప్పట్లు కూడా బాగా వచ్చాయి. సామాన్లు సర్దుకుంటుంటే నా దగ్గరికొచ్చి, "నన్ను ఎక్కడ పెట్టారో ముప్పావుగంట అక్కడే ఉన్నాను. కదలగలిగేదాన్నే కదా, ఎందుకు కదలనివ్వలేదు?" అంది. ఆమె బండి మా అందరికంటే వేగంగా పోతుంది, ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఆమె "ఇబ్బంది పడకూడదు" అనుకుని ఆ కదలికంతా నేనే తీసేశాను. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. తర్వాతి నాటకాన్ని ఆ కదలికతోనే మొదలుపెట్టాం. చక్రాలకు సుద్దపొడి పూసుకుని ఆమె ఖాళీ స్థలంలో ఒక పెద్ద చుట్టు తిరుగుతుంది. నేల మీద తెల్లగా రెండు గీతలు పడతాయి. ఆ గీతల లోపలిదే మా రంగస్థలం. వెనక్కి జరగండి, వెనక్కి జరగండి అని అరవాల్సిన పని పోయింది, జనం తమంతట తామే గీత బయట నిలబడ్డారు.

ఇంకో అనుభవం కొంచెం వివరంగా చెబుతాను. మీరు అడిగినదానికి అసలు జవాబు అందులోనే ఉంది. ఒక పెద్ద బస్టాండులో ఆడాల్సి వచ్చింది. రిహార్సల్స్ అన్నీ గదిలోనే చేశాం. తీరా అక్కడికి వెళ్లి చూస్తే రెండు మూడు నిమిషాలకోసారి మైకులో అనౌన్స్‌మెంట్. సగం డైలాగులు గాలికి పోతున్నాయి. అందుకని ఒక నియమం పెట్టుకున్నాం: మైకు మోగితే అందరం ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోవాలి, మైకు ఆగాక అక్కణ్నుంచే అందుకోవాలి. మా బృందంలో ఒక నటుడికి వినపడదు. అతనికి తెలియడానికి పక్కనున్న నటి గొడుగు తెరవాలని అనుకున్నాం. రెండో రోజు ఆ చోటులోనే రిహార్సల్ చేస్తుంటే ఆమె గొడుగు తెరవడం మర్చిపోయింది. మైకు మోగింది. అందరం బిగుసుకుపోయాం. అతనొక్కడు మాత్రం సైగల భాషలో తన మాట తను చెప్పుకుపోతున్నాడు. పది సెకన్లు అంతే. అటుగా పోతున్న ఒక ముసలాయన చేతిలో సంచి కింద పెట్టి అలా చూస్తూ ఉండిపోయాడు.

మైకు ఆగాక ఏం జరిగిందని అతను అడిగాడు. చెప్పాం. నవ్వి, "దీన్ని ఇలాగే ఉంచండి. నాకు రోజూ జరిగేదే ఇది. ప్లాట్‌ఫారం మారిందని మైకులో చెబుతారు, అందరూ లేచి పోతారు, ఖాళీ బెంచీల మధ్య నేను నిలబడి ఉంటాను" అని సైగ చేశాడు. ఆ సాయంత్రమే గొడుగు తీసేశాం. రాసుకున్న కథ పక్కన పెట్టి, ఆ పది సెకన్ల చుట్టూ నాటకాన్ని మళ్లీ కట్టుకున్నాం. ఆడిన ప్రతిసారీ నిజం అనౌన్స్‌మెంట్ ఎప్పుడు వస్తుందో మాకూ తెలియదు, వచ్చినప్పుడల్లా ఆ సీను పుట్టేది. ఇంట్లో కూర్చుని ఏ రచయితా రాయగలిగింది కాదది. ఆ చోటు, ఆ మనిషి కలిస్తే వచ్చింది.

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్లు ఉన్నారు. లండన్‌లో 1980లో మొదలైన గ్రేఐ థియేటర్ కంపెనీని వైకల్యం ఉన్న కళాకారులే నడిపిస్తున్నారు. సైగల భాష, దృశ్య వివరణ (కంటికి కనిపించేదాన్ని చూపు లేనివాళ్లకు మాటల్లో చెప్పడం) లాంటివి నాటకం పూర్తయ్యాక అతికించే సౌకర్యాలు కావు, నాటకం తయారయ్యే ముడిసరుకే అవి అన్నది వాళ్ల పద్ధతి. ఆస్ట్రేలియాలోని గీలాంగ్‌లో 1987 నుంచి పనిచేస్తున్న బ్యాక్ టు బ్యాక్ థియేటర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్లని సమాజం చూసే నటులే ప్రధాన బృందం. వాళ్లు 2005లో మెల్‌బోర్న్‌లోని ఫ్లిండర్స్ స్ట్రీట్ రైల్వే స్టేషన్‌లో ఒక నాటకం ఆడారు. ప్రేక్షకులు మెట్ల వరసల మీద హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు, నటులు చిన్న మైకులతో నిజం ప్రయాణికుల మధ్య కలిసిపోయి మాట్లాడారు. మాటలు చెవిలో వినపడుతుంటే, ఆ మాటలు ఎవరివో గుంపులో వెతుక్కోవాలి. గొంతు చించుకుని అరవాల్సిన అవసరమే లేకుండా చేశారు చూడండి. అంత సామగ్రి మీ దగ్గర ఉండకపోవచ్చు, ఆ ఆలోచన మాత్రం తీసుకోవచ్చు.

ఆ ఆలోచన ఎందుకు ముఖ్యమంటే, ఆరుబయట మాట నిలవదు. హాల్లో గోడలు, పైకప్పు శబ్దాన్ని తిరిగి పంపిస్తాయి. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది, దాని మీద బస్సుల మోత, గాలి. అందుకని పొడుగాటి డైలాగులు పెట్టుకోకండి. మాట చిన్నదిగా, పని పెద్దదిగా ఉండాలి. మీ వెనక ఒక గోడ ఉంటే సగం బాధ తీరుతుంది. మైకు లేకుండా ఆడితే ప్రేక్షకులు అర్ధచంద్రాకారంలో నాలుగైదు వరసలకు మించకుండా చూసుకోండి. మాట తగ్గించడం వల్ల ఇంకో లాభం, వినపడనివాళ్లకూ మీ భాష రానివాళ్లకూ నాటకం ఒకేలా అందుతుంది.

ఇక చోటు ఎంచుకోవడం. ఏ రోజు, ఏ గంటకు ఆడాలనుకుంటున్నారో అదే రోజు, అదే గంటకు కనీసం మూడు వారాలు వెళ్లి కూర్చోండి. మీరొక్కరే వెళ్లి వచ్చి మిగతావాళ్లకు చెప్పడం కాదు. వీల్‌చైర్ వాడే ఆవిడా, చూపు లేని ఆయనా మీతో ఉండాలి. ఎండ ఏ వైపు నుంచి పడుతుంది, జనం ఎక్కడ ఆగుతారు, ఎక్కడ పరుగెత్తుతారు, ఎవరు రోజూ అదే బెంచీ మీద కూర్చుంటారు, ఇవన్నీ రాసుకోండి. అక్కడ ఊడ్చేవాళ్లతో, కాపలా ఉండేవాళ్లతో మాట్లాడండి. ఆ చోటు గురించి వాళ్లకు తెలిసినంత ఆఫీసరుకు తెలియదు. మీ నాటకం రోజు వాళ్లు మీ పక్షాన ఉంటే చాలా చిక్కులు మీదాకా రాకుండానే తీరిపోతాయి.

వీల్‌చైర్‌తో వెళ్లగలిగే టాయిలెట్ దగ్గర్లో లేకపోతే ఆ చోటు వదిలేయండి. ఎంత అందమైన చోటైనా సరే. నీళ్లు తాగితే టాయిలెట్‌కు వెళ్లాల్సి వస్తుందని ఎండలో నీళ్లు తాగకుండా రిహార్సల్ చేసిన నటిని నేను చూశాను. ఆ సంగతి ఆమె నాలుగో రోజు గానీ చెప్పలేదు. అడగకపోవడం నా తప్పు. ర్యాంపు ఉందని ఎవరైనా చెబితే నమ్మేయకండి, ఏటవాలు ఎంతో కొలవండి. ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలి, అంతకంటే నిటారుగా ఉంటే సొంతంగా ఎక్కడం కష్టం. బండి తిరగడానికి ఒకటిన్నర మీటరు వ్యాసం ఉన్న ఖాళీ కావాలి. గడ్డి, ఇసుక, గులకరాళ్లు చూడ్డానికి బాగుంటాయి, చక్రాలకు మాత్రం శత్రువులు. ప్రేక్షకుల్లో వీల్‌చైర్ వాడేవాళ్లను ఒక మూలకు చేర్చకండి. ముందు వరసలో అక్కడక్కడా ఖాళీలు వదిలితే వాళ్లు తమవాళ్ల పక్కనే ఉండి చూస్తారు.

ఇంకొకటి, కొత్తవాళ్లెవరికీ తట్టనిది. చాలా స్టేషన్లలో, ఫుట్‌పాత్‌ల మీద పసుపు రంగులో గీతలు, బొడిపెలు ఉన్న పలకలు పరుస్తారు. చూపు లేనివాళ్లు కాలితోనో కర్రతోనో తడిమి నడిచే దారి అది. ఒకసారి మా ప్రేక్షకులు సరిగ్గా దాని మీదే గుమిగూడారు. చేతికర్రతో వస్తున్న ఒకావిడ మనుషుల వీపులకు తగిలి ఆగిపోయింది. అందరి కోసం అంటూ మేం ఆడుతున్న నాటకమే ఆమె దారి మూసేసింది. అప్పటినుంచి ఆ పలకల వెంట ఇద్దరు వాలంటీర్లను నిలబెడతాం. వాళ్లకు వేరే పనేమీ చెప్పం.

ఇప్పుడు మీవాళ్ల గురించి. ఇవి నా అనుభవంలో పనిచేసినవి, మీవాళ్లను అడిగి మార్చుకోండి.

వినపడని ఇద్దరిని మొదటి రోజు నుంచే కథ కట్టేవాళ్లుగా కూర్చోబెట్టండి. సైగల భాష మీ భాషకు చేతులతో చేసిన నకలు కాదు, దానికి సొంత వ్యాకరణం ఉంది. మీరు రాసిన డైలాగును "సైగల్లో చెప్పు" అంటే అది చప్పగా తయారవుతుంది. "ఈ సంగతిని నువ్వైతే ఎలా చెబుతావు?" అని అడిగి, దానికి మిగతావాళ్ల మాటను అమర్చండి. రిహార్సల్‌కు సైగలను మాటల్లోకి, మాటలను సైగల్లోకి మార్చి చెప్పే దుబాసీ తప్పనిసరి, ఆ ఖర్చు మిగతా ఏ ఖర్చుకంటే ముందు రాసుకోండి. నాటకంలో దుబాసీని ఓ మూల నిలబెడితే జనం కళ్లు నటులకూ ఆ మూలకూ మధ్య తిరిగి తిరిగి అలిసిపోతాయి. దుబాసీకి కూడా ఒక పాత్ర ఇచ్చి నటుల మధ్యలోకి తీసుకురండి. సూర్యుడు వాళ్ల వీపు వెనక ఉండకూడదు, ఉంటే ముఖమూ చేతులూ నల్లని నీడలా కనిపిస్తాయి. చొక్కా గళ్లూ పువ్వులూ లేకుండా, చేతుల రంగుకు భిన్నంగా ఉండాలి. డప్పు మోతతో క్యూ, అంటే నటుడికి ఇక నీ వంతు అనే సూచన, ఇవ్వొచ్చని కొందరు చెబుతారు. చెక్క నేల మీద ఆ అదురు కాళ్లకు తెలుస్తుంది గానీ సిమెంటు నేల మీద నమ్ముకోవద్దు. కంటికి కనిపించే క్యూనే నయం.

చూపు లేని ఆయన కోసం: చాప కింద సన్నని తాడు పరిచి నాలుగు వైపులా టేపు వేయండి. పాదానికి తగిలే ఆ గీతే ఆయనకు రంగస్థలం అంచు. మా నటుడొకాయన దాని మీద నడుస్తూ వెళ్లి, సరిగ్గా ముడి ఉన్న చోట ఆగి తిరిగేవాడు. ఆయనకు చూపు లేదని ప్రేక్షకులకు మేం చెబితే గానీ తెలిసేది కాదు. చేయి పట్టి లాగకండి, మీ మోచేయి ఆయన్ను పట్టుకోనివ్వండి. ప్రేక్షకుల్లో చూపు లేనివాళ్ల కోసం దృశ్య వివరణను డైలాగులోకే దించేయండి. ఒక పాత్ర ఊరికే గొడుగు మడిస్తే వాళ్లకు అందదు. "వాన తగ్గకముందే గొడుగు మడిచేశావేం?" అని ఇంకో పాత్ర అంటే అందరికీ అందుతుంది. నాటకానికి పావుగంట ముందు వాళ్లను పిలిచి వస్తువులు తాకి చూడనివ్వండి, నటుల గొంతులు పరిచయం చేయండి.

డౌన్ సిండ్రోమ్ ఉన్న కుర్రాడి గురించి మీరు "మర్చిపోతాడేమోనని టెన్షన్" అని రాశారు. బట్టీ పట్టించకండి, అప్పుడు మర్చిపోవడానికి ఏమీ ఉండదు. సంఘటనల వరస ఖాయం చేసి, మాటలు వదిలేయండి. అతను వస్తాడు, టికెట్ వెతుక్కుంటాడు, దొరకదు, పక్కవాణ్ణి అడుగుతాడు. ఏ మాటలతో అడిగినా సరే. పక్కనుంచి ప్రాంప్టింగ్ మాత్రం అస్సలు వద్దు. అతను ఒక్క క్షణం ఆగితే చాలు, తల్లిదండ్రులో స్నేహితులో గుసగుసగా అందిస్తారు. ఆ క్షణంలో అతను ఆలోచిస్తున్నాడు, నటిస్తున్నాడు. జనం ఆ నిశ్శబ్దాన్ని ఓపిగ్గానే భరిస్తారు, భరించలేనిది మనమే. అలాగే ఆడటానికి ఇష్టమేనా అని అతన్నే అడగాలి, ఇంట్లోవాళ్లను కాదు. ఒకసారి అడిగి ఊరుకోకుండా ప్రతి ప్రదర్శన ముందూ అడగాలి.

పెద్దవాళ్లకు కుర్చీ, నీడ, ఇంటికి చేరే బండి. ఈ మూడూ ఉంటే వాళ్లే మీ బృందానికి వెన్నెముక.

ప్రేక్షకుల్లో పెద్ద శబ్దాలకు బెదిరిపోయేవాళ్లు, కుదురుగా కూర్చోలేనివాళ్లు ఉంటారు. ఆరుబయట ఉన్న వరం ఏమిటంటే ఎవరైనా లేచి వెళ్లి మళ్లీ రావచ్చు, ఎవరూ కోపంగా చూడరు. మొదట్లోనే "మధ్యలో ఒకసారి డబ్బా పెద్దగా మోగుతుంది, ముందు చెయ్యి పైకెత్తి చూపిస్తాం" అని చెప్పేయండి. ఆశ్చర్యం పోతుందని దర్శకులు బాధపడతారు, నేనూ పడ్డాను. నిజానికి ఏమీ పోదు.

నాటకం పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. దాన్నే గంట విరామాలతో రెండు మూడుసార్లు ఆడండి. బస్టాండులో మనిషి ఎప్పుడొస్తాడో, ఎప్పుడు బస్సెక్కి పోతాడో తెలియదు. అందుకే మధ్యలో మూడు నిమిషాలు చూసినా ఏదో ఒకటి పూర్తిగా చూసినట్టు ఉండాలి. చిన్న చిన్న ముక్కలుగా కట్టుకోండి. బెంగాలీ నాటకకర్త బాదల్ సర్కార్, హాలు వదిలి జనం మధ్యే ఆడే తన థర్డ్ థియేటర్ గురించి మూడు లక్షణాలు చెప్పేవారు: మోసుకుపోగలగాలి, ఎలాగైనా మలచుకోగలగాలి, ఖర్చు తక్కువ కావాలి. మీ సామానంతా రెండు సంచుల్లో పట్టాలి.

ప్రేక్షకులను కూడా ఆడించాలనుకుంటే బ్రెజిల్ దర్శకుడు అగస్టో బోల్ రూపొందించిన ఫోరమ్ థియేటర్ పద్ధతి ఉంది. ఒక అన్యాయం జరిగే సీను చూపిస్తారు, రెండోసారి ఆడేటప్పుడు చూసేవాళ్లలో ఎవరైనా "ఆపండి" అని లోపలికొచ్చి, తామైతే ఏం చేసేవాళ్లో చేసి చూపిస్తారు. నడిపించే మనిషిని జోకర్ అంటారు. చాలా శక్తి ఉన్న పద్ధతి. మీలాంటి బృందానికి ఒక్క జాగ్రత్త: ప్రేక్షకులెవరూ వైకల్యాన్ని అనుకరించకూడదు. ఒకసారి ఒకాయన ఉత్సాహంగా లోపలికొచ్చి కళ్లు మూసుకుని తడుముకుంటూ నడిచాడు, జనం నవ్వారు. పక్కనే మా నటుడు నిలబడి ఉన్నాడు. నాటకం ఆపేసి మాట్లాడాల్సి వచ్చింది. ఇప్పుడు మొదట్లోనే చెబుతాం: క్యూలో నిలబడ్డ తోటి మనిషిగా, కండక్టరుగా, ఎవరిగానైనా రండి, మీరు మీరుగానే రండి.

బోల్ పేరు చెప్పగానే అదృశ్య నాటకం చేద్దామని ఎవరో ఒకరు అంటారు. నాటకమని చెప్పకుండా జనం మధ్య నిజంలా ఆడటం. 1970లలో బోల్ ప్రవాసంలో అర్జెంటీనాలో ఉన్నప్పుడు, బయటపడి ఆడటం ప్రమాదమైన రోజుల్లో, పుట్టిన పద్ధతి అది. మీరు చేయొద్దనే నా గట్టి అభిప్రాయం. ఉత్తుత్తి గొడవలోకి నిజం మనిషి కోపంగా దూరితే దెబ్బ తినేది మీ నటులే. పైగా ఒకసారి మోసపోయామని అనుకున్నవాళ్లు రేపు నిజంగా ఎవరైనా సాయం అడిగినా అనుమానంగా చూస్తారు.

అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, కాపీ ఇద్దరి దగ్గర ఉండాలి. ఆ రోజు డ్యూటీలో ఉండే మనిషి పేరు, ఫోను నంబరు ముందే కనుక్కోండి. పై అధికారి ఒప్పుకున్నా కింద గేటు దగ్గర ఆపేసిన సందర్భాలు నాకు చాలా ఎదురయ్యాయి. దారులు, అత్యవసర ద్వారాలు మూసుకుపోకూడదు. ఫోన్లలో వీడియో తీసేవాళ్లు ఎలాగూ ఉంటారు. మీ నటుల్లో ఎవరికైనా అది ఇష్టం లేకపోతే మొదట్లోనే ఒకరు చెప్పాలి, పెద్ద అక్షరాలతో ఒక అట్టా పెట్టాలి. అయినా కొందరు తీస్తారు. ఆ సంగతి నటులకు ముందే చెప్పి, అప్పుడు వాళ్లను నిర్ణయించుకోనివ్వండి.

డబ్బు సంగతి మీరు అడగలేదు గానీ చెబుతాను. దుబాసీకి, డప్పు వాయించేవాళ్లకు ఇచ్చి, నటులకు "అవకాశం ఇచ్చాం కదా" అనకండి. ఇస్తే అందరికీ ఇవ్వండి, లేకపోతే ఎవరికెంతో అందరి ముందూ చెప్పండి.

ఈ వారం ఒకే పని చేయండి. మీ మనసులో ఉన్న రెండు మూడు చోట్లకు వీల్‌చైర్ వాడే ఆవిడ, చూపు లేని ఆయన, వినపడనివాళ్లలో ఒకరు, ఆ కుర్రాడు, మీరు కలిసి వెళ్లి ఒక్కోచోట గంటసేపు కూర్చోండి. గోడ ఎక్కడుంది, టాయిలెట్ ఎంత దూరం, ఎండ ఎటు పడుతోంది, అక్కడ మీవాళ్లలో ఎవరికి ఏం తగిలింది, ఏం అందలేదు, ఇవి రాసుకుని ఇక్కడే పెట్టండి. కథ ఎక్కడ మొదలుపెట్టాలో అవి చూశాక మాట్లాడుకుందాం.